జెన్నీ కన్నీళ్లు అబద్ధం కావు

బెర్లిన్ ఆడ్లర్ వీధిలో ఒక చిల్లర కొట్టు. యజమాని కూతురు జెన్నీ కూర్చుని కాగితం పొట్లాలు అంటిస్తుంటుంది. వంద అంటిస్తే 2 ఫెనిగ్‌లు. నిజానికి ఇది ఎక్కువే, కానీ నీకు డబ్బు విలువ తెలియాలిగా అంటూ తల్లి ఆ నాణేలు చేతిలో పెడుతుంది. జర్మన్ రచయిత థియొడోర్ ఫొంటానె 1892లో వెలువరించిన ‘ఫ్రౌ జెన్నీ ట్రైబెల్’ నవలను అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన తాళంచెవి ఆ 2 ఫెనిగ్‌లే.

ఆ పిల్ల పెద్దదై రంగుల ఫ్యాక్టరీ యజమాని భార్య అయింది. 1871లో ఫ్రాన్స్‌పై యుద్ధ విజయం తర్వాత బెర్లిన్‌లో డబ్బు పొంగింది. ఆమె భర్త ట్రైబెల్ తన ఫ్యాక్టరీ పక్కనే పెద్ద విల్లా కట్టించాడు. ఉత్తరపు గాలి వీస్తే చాలు, పొగంతా ఇంట్లోకే.

ఒకప్పుడు జెన్నీని ప్రేమించిన విలిబాల్డ్ ష్మిట్, ఇప్పుడు బడిలో ప్రొఫెసర్ హోదా ఉన్న పంతులు, ఆమె కోసం ఒక పాట రాశాడు. బంగారం ఏపాటిది, మనసు మనసును కలుసుకున్న చోటే బతుకు అంటుందా పాట. విందులో అది పాడితే జెన్నీ కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ ష్మిట్ కూతురు కొరిన్నా తన కొడుకు లియొపోల్డ్‌ను చేసుకుంటానన్న మాట చెవిన పడగానే, అంతవరకూ తనకు గిట్టని హాంబర్గ్ సంపన్నుల పిల్ల హిల్డెగార్డ్‌ను కొడుక్కి చేసుకుందామని రమ్మంటూ ఉత్తరం రాస్తుంది.

నోటితో షిల్లర్, మనసులో గెర్సన్ అని ఈ కొత్త ధనిక వర్గం గురించి ఫొంటానె 1888లో కొడుక్కి రాశాడు. షిల్లర్ మహాకవి, గెర్సన్ ఖరీదైన బట్టల కొట్టు. అందుకే జెన్నీని కపటి అనేస్తారు. నేను ఒప్పుకోను. ఆమె నటించడం లేదు, నిజంగానే ఏడుస్తుంది. పాటకు కరిగిన ఆ మనసే కట్నం లెక్క దగ్గర ఇసుమంతైనా కదలదు. నన్ను భయపెట్టేది అదే. ఆమె కొరిన్నాను వద్దన్నందుకు భర్త ట్రైబెల్ మొదట మనమేమన్నా రాజవంశీకులమా అని మండిపడతాడు. కాసేపటికి ఆ కోపమూ చల్లారుతుంది.

కొరిన్నా మాత్రం కడిగిన ముత్యమా? ఆ ఇంటి సుఖం మీద ఆశతోనే లియొపోల్డ్‌కు వల వేసింది. అతను ఉత్తరాలు పంపుతాడే గానీ తల్లిని ఎదిరించి గడప దాటడు. చివరికి ఆమె తన బావ, చదువరి అయిన మార్సెల్‌నే చేసుకుంటుంది.

ఆ పెళ్లి రాత్రి పొద్దుపోయాక ష్మిట్ ఆ పాటే పాడించుకుంటాడు. ఈసారి ఏడ్చేది రాసినవాడే. డబ్బూ వట్టిదే, చదువూ వట్టిదే, ప్రొఫెసర్‌గిరీ వట్టిదే అంటాడు.