చదువు ఎక్కనోళ్ల కోర్సు కాదప్పా ఇది

డిగ్రీ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ మా కర్నూలులో ఈ మాట వినపడుతుంది. "మావానికి చదువు ఎక్కలేదప్పా, ఊరికే ఉండేదానికన్నా బీపీఈడీ చేపిద్దామనుకుంటాండాం." బీపీఈడీ అంటే వ్యాయామ విద్యలో డిగ్రీ, దాని పైన పీజీ ఎంపీఈడీ. నేను ఆ ఎంపీఈడీ చేసినవాణ్ణి. ఈ మాట వింటే బాధ, కోపం రెండూ వస్తాయి. ఆ కోర్సులో ఉండేవి అనాటమీ, ఫిజియాలజీ, శరీర కదలికలను చదివే కినిసియాలజీ, బయోమెకానిక్స్, ఇంకా స్పోర్ట్స్ సైకాలజీ. మోకాలు వంగేటప్పుడు ఏ కండరం బిగుసుకుంటుంది, ఏది సాగుతుంది, పన్నెండేళ్ల పిల్లకూ ఇరవై ఏళ్ల కుర్రాడికీ ఒకే వర్కౌట్ ఎందుకు ఇవ్వకూడదు, ఇదంతా చదువు కాదా?

ఈ అపోహ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. ఈ కోర్సులో చేరడానికి రాసే ఎంట్రన్స్ పీఈసెట్‌లో రాతపరీక్ష ఉండదు. పరుగు, షాట్‌పుట్, జంప్, ఆ తర్వాత మనం ఎంచుకున్న ఆటలో నైపుణ్యం, అంతా గ్రౌండ్‌లోనే. దాంతో లోపల కూడా చదివేదేమీ ఉండదనుకుంటారు. క్లాసులకు రాకపోయినా పర్లేదనే కాలేజీలు కొన్ని ఆ అపోహను నిజం చేసి పెట్టాయి, ముందు వాటినే తిట్టాలి.

ఈ చదువు ఎందుకు కావాలో తెలియాలంటే పోలీసు నోటిఫికేషన్ వచ్చినప్పుడు పొద్దున్నే ఏదైనా గ్రౌండ్‌కి వెళ్లండి. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్లు పదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. దానికోసం ఆలూరు నుంచీ పత్తికొండ నుంచీ వచ్చి రూములు తీసుకున్న పిల్లలు మొదటి రోజే ఫుల్ స్పీడ్‌లో, అదీ అరిగిపోయిన బూట్లతో సిమెంటు రోడ్డు మీద పరుగెత్తుతారు. కొన్నాళ్లకు మోకాలి కింద ముందు ఎముక దగ్గర నొప్పి మొదలవుతుంది. మెడికల్ షాపులో ఒక మాత్ర కొనుక్కుని మళ్లీ పరుగు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే మెరుగుపడతాయి కానీ ఎముకలకు, స్నాయువులకు అంతకంటే ఎక్కువ టైమ్ పడుతుంది, అందుకే దమ్ము వచ్చింది కదా అని దూరం ఒక్కసారిగా పెంచితే కాలు దెబ్బతింటుంది అని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. మన మే నెల ఎండకు శరీరం అలవాటు పడాలంటే పది పద్నాలుగు రోజులు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలనీ చెప్పరు. పైగా మర్నాడు ఒళ్లు పట్టేస్తే లాక్టిక్ యాసిడ్ అంటారు. అది గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది, మర్నాటి నొప్పి కండరం పోగుల్లో ఏర్పడిన సూక్ష్మమైన చిరుగుల వల్ల. ఇంత చిన్న విషయం తెలియక ఎంతమంది పిల్లలు ఈవెంట్స్ రోజున కుంటుతూ వెళ్లారో నేను చూశాను.

మరి ఇవన్నీ తెలిసిన మనిషిని మనం ఏం చేస్తున్నాం? గేటు దగ్గర నిలబెడుతున్నాం. నా క్లాస్‌మేట్ ఒకడు ఒక పెద్ద ప్రైవేట్ స్కూల్లో పీఈటీ, అంటే వ్యాయామ టీచర్. బస్సుల లెక్క, లేటుగా వచ్చినవాళ్ల లెక్క, జుట్టు పెరిగినవాళ్ల లెక్క, ఇదీ వాడి పని. ఎనిమిదో తరగతి దాటితే గేమ్స్ పీరియడ్ మ్యాథ్స్ సారుది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి స్కూలుకూ ఆటస్థలం ఉండాలంది, బాగుంది. కానీ అదే చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ చాలంది! చట్టమే పార్ట్‌టైమ్ అన్నాక యాజమాన్యాలు ఫుల్‌టైమ్ గౌరవం ఎందుకిస్తాయి?

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్క డీఎస్సీనే నమ్ముకోకండి. 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులుంటే పీఈటీ పేరుతో ఉన్నవి 132. వ్యాయామ విద్యలో స్కూల్ అసిస్టెంట్ పోస్టులు వేరే ఉన్నాయి, నిజమే, కానీ డీఎస్సీ ఏటా వచ్చేది కాదు. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే ఎంపీఈడీలో 55 శాతం, నెట్ లేదా పీహెచ్‌డీ కావాలి, ఫిట్‌నెస్ టెస్ట్ కూడా పాసవ్వాలి. ముప్పై ఏళ్లలోపు మగవాళ్లు 12 నిమిషాల్లో 1800 మీటర్లు వెళ్లాలి. కోచింగ్ మీద ఇష్టం ఉంటే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో ఏడాది డిప్లొమా ఉంది. 1920లో మొదలైన వైఎంసీఏ ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీ మనకు పక్కనే, చెన్నై నందనంలో ఉంది. ఆటగాళ్ల బలం, ఫిట్‌నెస్ చూసే స్ట్రెంగ్త్ కోచ్ కావాలనుకుంటే డిగ్రీ తర్వాత అమెరికా సంస్థ ఇచ్చే సీఎస్‌సీఎస్ లాంటి సర్టిఫికేషన్ పరీక్ష రాయొచ్చు, ఇంగ్లిష్‌కి భయపడకండి, అనాటమీ పేర్లు ఎలాగూ అవే. ఒక జాగ్రత్త మాత్రం: దెబ్బకు చికిత్స చేయడం ఫిజియోథెరపిస్టు పని, దానికి బీపీటీ అనే ఫిజియోథెరపీ డిగ్రీ వేరే ఉంది. ఆ గీత దాటకండి.

ఇంకో దారిని మన ఊళ్లలో ఎవరూ పట్టించుకోవట్లేదు. ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు. డాక్టర్ "రోజూ నడవండి" అని రాసి పంపేస్తాడు. ఎంత వేగంతో, ఎంతసేపు, మోకాళ్ల నొప్పి ఉన్న అరవై ఏళ్ల పెద్దమ్మ ఏం చేయాలి, బరువులు ఎత్తొచ్చా, ఇవి ఎవరు చెప్పాలి? ఎక్సర్‌సైజ్ సైన్స్ చదివినవాళ్లే. ప్రస్తుతం ఆ జాగాలో పౌడర్ డబ్బాలు అమ్మే జిమ్ ట్రైనర్లున్నారు.

మన దగ్గర ఆటలు లేవని మాత్రం అనకండి. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురం ఆర్‌డీటీ గ్రౌండ్‌లో జరిగాయి. 2025 నవంబరులో మహిళల క్రికెట్ వరల్డ్ కప్ గెలిచిన మన జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆ రాత్రి మనందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. మరి మన బిడ్డ స్కూల్లో వారానికి ఎన్ని గేమ్స్ పీరియడ్లున్నాయో ఎంతమందికి తెలుసు? జూన్‌లో ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు అడగండి: గ్రౌండ్ ఎక్కడుంది, పీఈటీ సారు ఏం చదివారు, ఆయన పీరియడ్ ఎవరు తీసుకుంటున్నారు? జవాబు చెప్పలేకపోతే రసీదు పుస్తకం తెరవకముందే గట్టిగా నిలదీయండి.