మొక్క ఎక్కడిదో అడిగేవారేరి?

అరటి నాట్లకు రైతులు మళ్లీ సిద్ధమవుతున్నారు. సాగర్ ఎడమ కాల్వ కింద, జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లందే మండలాల్లో వరి తగ్గించి పండ్లతోటలు వేయండని ప్రభుత్వమే చెబుతోంది. డ్రిప్‌కు రాయితీ ఇస్తోంది, ల్యాబ్‌లో కణజాలం నుంచి పెంచే టిష్యూకల్చర్ మొక్కకూ ఇస్తోంది. అందుకు పట్టాదారు పాస్‌బుక్ కావాలి, ఆధార్ కావాలి, బ్యాంకు ఖాతా కావాలి, నర్సరీ బిల్లు కావాలి. ఆ మొక్క ఏ తల్లిచెట్టు నుంచి వచ్చింది, ఏ జిల్లా మట్టిలో పెరిగింది, దానికి తెగుళ్ల పరీక్ష జరిగిందా అని మాత్రం గట్టిగా అడిగే నాథుడు లేడు. రాయితీ అందని రైతు లారీ మీద తెచ్చుకున్న మొక్కకైతే బిల్లు కూడా ఉండదు.

ఇది చిన్న విషయం కాదు. పనామా తెగులు అరటి రైతుకు పాత శత్రువే. అమృతపాణి తోటలను అది ఎప్పటినుంచో ఎండబెడుతోంది. దాన్ని తట్టుకుంటుందనే గ్రాండ్ నైన్‌ను, మన రైతులు జీ-9 అని పిలిచే రకాన్ని, దేశమంతా నమ్ముకుంది. ఇప్పుడు ఆ జీ-9నే చంపే పనామా తెగులు దేశంలోకి వచ్చి కూర్చుంది. టీఆర్-4 అని శాస్త్రవేత్తలు పిలిచే ఈ శిలీంధ్రం బిహార్‌లోని కటిహార్, పూర్ణియా జిల్లాల్లో, ఆ తర్వాత ఉత్తరప్రదేశ్ తోటల్లో బయటపడింది. కింది ఆకులు అంచుల నుంచి పసుపుబారి, కాడ దగ్గర విరిగి చెట్టు చుట్టూ వేలాడతాయి. మొదలు దగ్గర కాండం చీలుతుంది. కోసి చూస్తే లోపల గోధుమరంగు చారలు కనిపిస్తాయి. ఆ దశలో ఏ మందు కొట్టినా, ఏ ద్రావణం పోసినా చెట్టు దక్కదు. చెట్టు పోయాక కూడా శిలీంధ్రం మట్టిలోనే 30 ఏళ్లదాకా బతుకుతుంది. ఎకరాకు 1,200 మొక్కలు, లక్ష రూపాయల పైచిలుకు పెట్టుబడి పెట్టిన కౌలు రైతు ఒక్క కాపుతోనే మునిగిపోతాడు. ఆ భూమి యజమాని ఒక తరంపాటు అక్కడ మళ్లీ అరటి ఊసెత్తలేడు.

ఈ తెగులు పిలకతో వస్తుంది, దుంపకు అంటిన మట్టితో వస్తుంది, ట్రాక్టర్ టైరుతో, కూలీల చెప్పులతో, పారే నీటితో వస్తుంది. ఒక పొలం నుంచి పక్క పొలానికి నీళ్లు దిగే కాల్వ ఆయకట్టులో ఒక్క తోటకు సోకితే కింది మడులన్నీ దాని దారిలోనే ఉంటాయి. అందుకే మొక్క ఎక్కడిదన్న ప్రశ్న గుంత తవ్వకముందే అడగాలి. తర్వాత అడిగి లాభం లేదు.

మన దగ్గర ఇంకా కనిపించని తెగులు గురించి భయపెడితే రైతులు అరటికే దూరమవుతారు, మార్కెట్లో ధర పడిపోతుంది అని కొందరు అధికారులు, వ్యాపారులు అంటారు. వారి ఆందోళన అర్థమవుతుంది. కానీ కనిపించలేదంటే వెతికి చూశాకే ఆ మాట అంటున్నారా? పాత పనామా తెగులుకూ, టీఆర్-4కూ పైకి లక్షణాలు ఒకటే. ల్యాబ్‌లో పరీక్షిస్తే తప్ప తేడా తెలియదు. ఎండిన చెట్టును చూసి నీళ్లెక్కువయ్యాయనో, పొటాష్ తక్కువైందనో చెప్పి వెళ్లిపోయే చోట ఏ తెగులూ కనిపించదు.

నల్గొండ జిల్లాకు ఈ పాఠం కొత్తగా చెప్పాలా? బత్తాయి అంటే నల్గొండ అనే పేరు ఒకప్పుడు హైదరాబాద్ దాటి ఉత్తరాది మార్కెట్ల దాకా వెళ్లింది. తర్వాత ఎన్ని తోటలు జేసీబీలతో పెకిలించారో దేవరకొండ నుంచి మిర్యాలగూడ దాకా ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. నీళ్లు లేకపోవడం ఒక కారణం, నిజమే. కానీ నీళ్లున్న తోటలు కూడా ఎందుకు ఎండాయి? వేరుకుళ్లు, ఎండు తెగులు, ఆకులు పాలిపోయి చెట్టు క్షీణించే గ్రీనింగ్ తెగులు మొక్కతో పాటే వచ్చాయి. వేరు తెగుళ్లను బాగా తట్టుకునే రంగపూర్ నిమ్మ మీద అంటుకట్టిన మొక్క అని నమ్మించి, అంతగా తట్టుకోలేని జంబేరి నిమ్మ మీద కట్టింది అమ్మితే, ఆ మోసం రైతుకు తెలిసేది ఐదారేళ్లకు, తోట కాపుకొచ్చే వేళకు. అప్పటికి అమ్మినవాడు ఎక్కడ? బిల్లు ఎక్కడ? బాధ్యత ఎవరిది? ఆనాడు ఎవరూ అడగలేదు. కొండమల్లేపల్లిలో ఉద్యాన పరిశోధన కేంద్రం ఉండగానే, దాని చుట్టుపక్కల ఊళ్లలోనే ఇదంతా జరిగింది. బత్తాయి విషయంలో మొక్క ఎక్కడిదని అడగని యంత్రాంగమే ఇప్పుడు అరటి విషయంలోనూ అడగడం లేదు. ఒకసారి జరిగితే తెలియక జరిగిందనుకోవచ్చు. రెండోసారీ అదే జరిగితే నిర్లక్ష్యం అనక ఏమనాలి?

చట్టం లేదా అంటే ఉంది. ఉద్యాన నర్సరీల నమోదు చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే వచ్చింది. టిష్యూకల్చర్ మొక్కలకు వైరస్ పరీక్ష చేసి ధ్రువీకరించే జాతీయ వ్యవస్థ 2006 నుంచి ఉంది. మొక్కల ఆరోగ్యం కోసమే పెట్టిన జాతీయ సంస్థ రాజేంద్రనగర్‌లో ఉంది. నల్గొండకైనా, మహబూబ్‌నగర్‌కైనా అది రెండు గంటల దారి. మోజర్లలో ఉద్యాన కళాశాల ఉంది. ఇన్ని పెట్టుకుని, రోడ్డు పక్కన టార్పాలిన్ కింద అమ్మే మొక్కకు ఒక కాగితం అడగలేకపోతున్నాం.

బయటి రాష్ట్రాల వడ్లు రాకుండా సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టి లారీలు ఆపిన ప్రభుత్వం ఇదే. అక్కడ ఖజానాకు నష్టం కాబట్టి రాత్రీపగలూ కాపలా కాశారు. ఇక్కడ నష్టపోయేది రైతు కాబట్టి వాడపల్లిలో గానీ, కోదాడ దగ్గర గానీ, అలంపూర్ చౌరస్తాలో గానీ మొక్కల లారీని ఆపి చూసేవాడు లేడా?

2015లో ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో టీఆర్-4 సోకిన తోటను చివరికి అరటి రైతుల సంఘమే కొని మూసేసింది. 2019లో కొలంబియా ఏకంగా జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మన దగ్గర అంతదాకా పోనక్కర్లేదు. నాట్లు మొదలయ్యేలోపు, పరీక్షలు చేయించిన నర్సరీల పేర్లు ప్రతి రైతు వేదిక గోడ మీద రాయాలి. ధ్రువపత్రం లేని అరటి మొక్కను, బయటి నుంచి వచ్చే పిలకను సరిహద్దులోనే ఆపాలి. ఎండిన చెట్టు ముక్కను వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ)కి ఇస్తే రైతు జేబులోంచి రూపాయి కదలకుండా ల్యాబ్‌కు చేరాలి. తెగులు తేలిన తోటను నరికించాల్సి వస్తే పరిహారం ముందే ప్రకటించాలి. లేకపోతే ఏ రైతూ తెగులు బయటపెట్టడు, రాత్రికి రాత్రి గెలలు కోసి అమ్మేస్తాడు, తెగులూ వాటితో పాటే ఊరు దాటుతుంది.

ఇవేవీ కొత్త బడ్జెట్ అడిగే పనులు కావు. ఉద్యాన శాఖ మంత్రి, కమిషనర్ ఒక్క రోజు కూర్చుంటే ఉత్తర్వు వస్తుంది. ఆ ఒక్క రోజు దొరకదంటే, రేపు తోటలు ఎండాక నష్టం అంచనా వేస్తామని కెమెరాలతో పొలాలకు రావద్దు.