గోడ మీది ఎంవోయూ గారికి

అయ్యా,

వీసీ గారి గదిలో, ఏసీ చల్లగాలిలో, బంగారు రంగు ఫ్రేములో మీరు క్షేమమని తలుస్తాను. మా యూనివర్సిటీ ఒక విదేశీ యూనివర్సిటీతో రాసుకున్న అవగాహన ఒప్పందం కదా మీరు, మిమ్మల్ని అక్కడ తగిలించి నాలుగేళ్లు దాటింది. "విద్యార్థుల, అధ్యాపకుల రాకపోకలకు ఇరుపక్షాలూ కృషి చేస్తాయి" అని మీ రెండో పేరాలో ఉంది. సంతకాల రోజున రెండు పెన్నులు, రెండు బొకేలు చేతులు మారాయి. ఆ తర్వాత మీ పేరు మీద మనిషన్నవాడు అటూ ఇటూ కదిలింది లేదు.

యూరప్‌లో విద్యార్థుల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి చదువుకు పంపే ఎరాస్మస్ పథకం మొదలైన 1987లో 11 దేశాల నుంచి వెళ్లింది 3,244 మంది విద్యార్థులే. చిన్న లెక్కే. కాకపోతే వాళ్లు నిజంగా రైలెక్కారు, విమానం ఎక్కారు. ఫొటో దిగి ఊరుకోలేదు.

కిందటేడు మా డిపార్ట్‌మెంటుకు విదేశం నుంచి ఒక అమ్మాయి సెమిస్టరు చదవడానికి వచ్చింది. మీ దయ వల్ల కాదు లెండి, ఇద్దరు మాస్టార్ల ఈమెయిళ్ల వల్ల. వచ్చే ముందు అడిగింది: ఈ కోర్సులో ఏం చెబుతారు, ఎన్ని గంటల పని, మార్కులు ఎలా వేస్తారు? మేం మొహమొహాలు చూసుకున్నాం. ఏళ్ల తరబడి చెబుతున్న కోర్సే, ఎక్కడా రాసి పెట్టుకోలేదు. చుట్టం వస్తున్నాడంటే ఇల్లు సర్దుకున్నట్టు, ఆ ఒక్క పిల్ల కోసం మూడు వారాలు కూర్చుని అన్నీ రాశాం. రాస్తుంటే బయటపడింది, ఒకే పాఠాన్ని ఇద్దరం రెండు పేపర్లలో చెబుతున్నామని. మా పిల్లలకు ఈ సంగతి ముందే తెలుసట. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట!

లైబ్రరీలో పనిచేసే ఒకాయన సొంత సెలవు పెట్టుకుని వారం రోజులు ఇంకో దేశపు యూనివర్సిటీ లైబ్రరీ చూసొచ్చాడు. క్లాసులు అయిదింటికి అయిపోతుంటే లైబ్రరీ కూడా అయిదింటికే ఎందుకు మూస్తున్నాం అని వచ్చీరాగానే అడిగాడు. ఇప్పుడు తొమ్మిదింటి దాకా తెరిచే ఉంటోంది.

విదేశంలో చదివొచ్చిన మా కుర్రాడి కథ వేరు. అక్కడ పాసైన పేపర్ పేరు మన పేపర్ పేరుతో కలవలేదని క్రెడిట్లు ఇవ్వలేదు. ఒక దేశపు చదువును ఇంకో దేశం గుర్తించడం మీద యూరప్‌లో కుదిరిన 1997 నాటి లిస్బన్ ఒప్పందం ప్రకారమైతే, గుర్తింపు ఇవ్వనన్నవాళ్లే చదువులో పెద్ద తేడా ఉందని చూపించాలి. మా ఆఫీసులో మాత్రం తేడా లేదని కుర్రాడే రుజువు చేసుకోవాలి. హుయాన్‌త్సాంగ్ నలందాలో చదువుకుని, 645లో 657 గ్రంథాలతో స్వదేశం చేరాడు. అదృష్టవంతుడు. మా కౌంటర్‌కి వచ్చుంటే అటెస్టేషన్ లేదని వెనక్కి పంపేవాళ్లు, గ్రంథాలతో సహా.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, వచ్చే నెల మీకు రెన్యువల్. ఈసారి ఫ్రేము ఇంకాస్త పెద్దది, బడ్జెట్ కూడా శాంక్షన్ అయింది. లైబ్రరీలో పనిచేసే ఇంకొకామెను కూడా విదేశానికి పంపుదామని నేను పెట్టిన టికెట్ ఫైలు మీ కింది టేబుల్ మీదే ఉంది. పైనుంచి చూస్తుంటారు కదా, ఏ కాగితం కింద పడిందో కాస్త చెబుదురూ.

ఇట్లు,
ఆ ఫైలు కోసం మీ ఎదుటి కుర్చీలో కూర్చున్నవాడు