ముప్పై ఏళ్లు అమ్మినంత మాత్రాన గట్టి కారైపోదు

మా కుటుంబం గ్రూపులో ఆ మెసేజ్ ఈ వారంలోనే నాలుగోసారి వచ్చింది. ‘మారుతి 800ను ముప్పై ఏళ్లు మార్చకుండా అమ్మారంటే అంత గట్టిది కాబట్టే. ఇప్పటి కార్లు అప్పడాల్లా నలిగిపోతున్నాయి. లాభాల కోసమే పాతవాటిని ఆపేశారు. మైలేజీలో దాన్ని కొట్టేది లేదు’ అని. ఊరుకునేవాణ్ణే. కానీ అది చదివి మా బావ, కూతురు కాలేజీకి వెళ్లిరావడానికి పాత 800 ఒకటి చూశానన్నాడు.

మైలేజీ గురించి వాదించను, ఎవరి లెక్క వారిది.

లాభాల మాట తలకిందులుగా ఉంది. అచ్చులకు, యంత్రాలకు పెట్టిన డబ్బు ఎప్పుడో తిరిగొచ్చేసిన మోడల్‌ను వదులుకోవడమే కంపెనీలకు కష్టం. 1986 నాటి బాడీని 2014 దాకా లాగారు. 2010లో పెద్ద నగరాల్లో అమ్మకం ఆగింది కూడా వాహనాల పొగ కాలుష్యానికి హద్దు పెట్టే బీఎస్-4 నిబంధన మెడ మీదికి వచ్చాకే.

అసలు ప్రమాదం ‘నలిగిపోతున్నాయి’ అన్న మాటలో ఉంది. కారు ముందు భాగం నలగాలి! నలిగి ఆ దెబ్బను తను తీసుకోవాలి. నలగకూడనిది మనం కూర్చునే చోటు. 2014లో, కార్లను ఢీకొట్టించి భద్రతకు స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే ఐదు చిన్న కార్లను 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఎయిర్‌బ్యాగులు లేని ఆ ఐదింటికీ సున్నా స్టార్లే. వాటిలో ఆల్టో 800, నానో, ఐ10 బాడీలు ఎంత బలహీనమంటే, ఎయిర్‌బ్యాగు పెట్టినా పెద్దగా ఫలితం ఉండదని తేల్చారు. బాడీ నిలబడిన పోలోకు మాత్రం రెండు ఎయిర్‌బ్యాగులు పెడితే నాలుగు స్టార్లు వచ్చాయి. మారుతి 800 డిజైను వీటన్నిటికంటే పాతది. మొత్తం బండి బరువే సుమారు 650 కిలోలు. ఇందులో గట్టి రేకు ఎక్కడుందో ఫార్వర్డ్ చేసేవాళ్లు చూపించాలి.

ఇంకా నమ్మకం కలగకపోతే మెక్సికో చూడండి. 1990ల మొదట్లో వచ్చిన నిస్సాన్ త్సురు కారును అక్కడ 2017 దాకా తయారు చేశారు. 2016లో దాన్ని, అదే కంపెనీ అమెరికాలో అమ్ముతున్న వెర్సాతో ఎదురెదురుగా గుద్దించారు. త్సురు డ్రైవరు బతికేవాడు కాదని తేలింది. కంపెనీ ఒకటే, దేశాలు పక్కపక్కనే. ప్రాణానికి మాత్రం రెండు ధరలా?

మన దగ్గరా అంతే. ఢీకొట్టి చూసే పరీక్ష కొత్త మోడళ్లకు 2017 అక్టోబర్‌లో తప్పనిసరి అయితే, పాత మోడళ్లకు ఇంకో రెండేళ్లు గడువిచ్చారు. డ్రైవరు కాళ్ల ముందు రేకు తప్ప ఏమీ లేని మారుతి ఓమ్ని వ్యాను కూడా 2019 దాకా తయారైంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ ధరకు మారుతి 800 లేకపోతే ఎన్నో ఇళ్లలో నలుగురూ ఒకే స్కూటర్ మీద, వానలో, లారీల పక్కన వెళ్లేవాళ్లు. దానికంటే సున్నా స్టార్ల కారైనా నయమే. ఏ ఊళ్లోనైనా మెకానిక్ దాన్ని విప్పి బిగించగలడన్నదీ నిజమే.

బావా, నువ్వు కొంటానంటే ఆపలేను. ఊళ్లో తిరగడానికి ఉంచుకో. అమ్మాయిని మాత్రం దాంట్లో విజయవాడ హైవే ఎక్కించకు.