పార్ట్ నంబర్ చదవని కొనుగోళ్లు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని ఎలక్ట్రికల్ దుకాణాల ముందు ఉదయం పదకొండు గంటల వేళ కాసేపు నిలబడితే, పాలిథిన్ సంచిలో కాలిన కాంటాక్టర్‌ను, అంటే మోటార్లు, హీటర్ల వంటివాటికి కరెంటు కలిపి తెంపే స్విచ్‌ను పట్టుకుని జీడిమెట్ల నుంచో పాశమైలారం నుంచో వచ్చిన ఎలక్ట్రీషియన్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. కౌంటర్ దగ్గరి మనిషి ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "కాయిల్ ఎంత వోల్టేజీ అన్నా?" అని అడుగుతాడు. లేబుల్ మాడిపోయింది కనుక వచ్చినతను ప్లాంటుకు ఫోన్ చేస్తాడు. అక్కడ ఎవరో ప్యానెల్ తలుపు తెరిచి, పక్కనున్న కాంటాక్టర్ మీద టార్చి వేసి చదివి చెబుతారు. చేతిలోని ఇండెంట్‌లో, అంటే ఫలానాది కొనమని ప్లాంటులో రాసిచ్చిన కాగితంలో మాత్రం 'కాంటాక్టర్, 3 పోల్, 32 ఆంపియర్లు, ఒకటి' అని తప్ప మరేమీ ఉండదు. మన కర్మాగారాలలో విడిభాగాల కొనుగోలు ఎక్కడ గాడి తప్పుతోందో ఆ ఒక్క వరుసలోనే తెలుస్తుంది. వస్తువు సంగతి తెలిసినవారు మెయింటెనెన్స్‌లో ఉంటారు, ధర తేల్చేవారు పర్చేజ్‌లో ఉంటారు, వారిద్దరి మధ్య తిరిగేది సగం రాసిన కాగితం.

ఆ సగం కాగితం చేసే నష్టం కొటేషన్లను పోల్చే పట్టికలో కనిపించదు. కాంటాక్టర్‌కు ఏసీ-1, ఏసీ-3 అని రెండు వేర్వేరు రేటింగులుంటాయి. హీటర్ల వంటి లోడుకు మొదటిది, మోటారుకు రెండవది వర్తిస్తాయి. ష్నైడర్ వారి టెసిస్ డి శ్రేణినే తీసుకుంటే, డీ18 కాంటాక్టర్ ఏసీ-3 కింద 18 ఆంపియర్లది, ఏసీ-1 కింద అదే 32 ఆంపియర్లది. డీ32 అయితే ఏసీ-3 కిందనే 32 ఆంపియర్లు మోస్తుంది. ఇండెంట్‌లో 'మోటారుకు, ఏసీ-3' అన్న ముక్క లేనప్పుడు చిన్న కాంటాక్టర్‌కు ధర వేసిన డీలరు అబద్ధమాడినట్టు కాదు, ఎల్-1గా, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవాడిగా నిలిచేదీ అతడే. పదిహేను కిలోవాట్ల మోటారును నేరుగా స్టార్ట్ చేసే ప్రతిసారీ, మామూలు కరెంటుకు ఆరేడు రెట్లు లాగే ఆ క్షణంలో, దాని కాంటాక్టులు కొద్దికొద్దిగా కరిగి ఒకరోజు అతుక్కుపోతాయి. ఆపు బటన్ నొక్కినా మోటారు ఆగదు. అప్పుడు మెయింటెనెన్స్‌వారు సరుకు నాసిరకమంటారు, పర్చేజ్‌వారు మీరడిగిందే తెచ్చామంటారు. ఇద్దరి మాటా నిజమే కావడం ఇందులోని చిక్కు.

తయారీ సంస్థ పేరు రాసే 'మేక్' అనే గడి నింపితే చాలుననే నమ్మకం కూడా ఇప్పుడు పనిచేయదు. ఎల్ అండ్ టీ తన ఎలక్ట్రికల్, ఆటోమేషన్ వ్యాపారాన్ని 2020లో ష్నైడర్‌కు అమ్మేసింది. ఆ స్విచ్‌గేర్ 2024 నుంచి లారిట్జ్ నూడ్సన్ పేరుతో వస్తోంది. జీఈ ఇండస్ట్రియల్ సొల్యూషన్స్ 2018లో ఏబీబీ చేతికి, జీఈ పీఎల్‌సీల (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటర్ల) వ్యాపారం 2019లో ఎమర్సన్ చేతికి వెళ్లాయి. స్టోర్సులోని మెటీరియల్ కోడ్ మాత్రం పాత పేరు దగ్గరే ఆగి ఉంటుంది. అందుకే పెట్టె మీద కొత్త పేరు చూసి సరుకును తిప్పి పంపే ఇన్‌స్పెక్టరూ, పాత పేరు ముద్రించిన డూప్లికేట్ పెట్టెను సంతోషంగా దించుకునే ఇన్‌స్పెక్టరూ ఒకే ప్లాంటులో ఉండవచ్చు.

పీఎల్‌సీల విషయానికి వస్తే పొరపాటు ధర మరింత పెరుగుతుంది. మన మందుల, సిమెంటు, చక్కెర కర్మాగారాలలో చాలాచోట్ల కనిపించే సీమెన్స్ ఎస్7-300 శ్రేణిని ఆ సంస్థ 2023 అక్టోబర్ 1 నుంచి దశలవారీగా ఉపసంహరించుకోవడం మొదలుపెట్టింది. విడిభాగాలు 2033 వరకు దొరుకుతాయని చెప్పింది. పదేళ్లంటే చాలా వ్యవధిలా వినిపిస్తుంది గానీ, మోడల్ పేరును మాత్రమే నమ్ముకుని స్పేర్ కొనేవారికి ఆ వ్యవధి వల్ల ఒరిగేదేమీ లేదు. నేను దగ్గరుండి చూసిన ఒక ప్లాంటులో 315-2ఏఎఫ్03 అనే పాత సీపీయూకు స్పేర్‌గా 315-2ఏహెచ్14 కొని బీరువాలో పెట్టారు. రెండూ 315-2 డీపీ అనే మోడలే కనుక సరిపోతుందనుకున్నారు. పాతది బ్యాటరీ మీద ప్రోగ్రాంను నిలుపుకునే రకం, కొత్తది మైక్రో మెమరీ కార్డు లేనిదే నడవని రకం. ఆ కార్డు విడిగా కొనాలి, హార్డ్‌వేర్ కాన్ఫిగరేషన్ కూడా మార్చాలి. బ్రేక్‌డౌన్ రాత్రి కార్డు కోసం వెతికితే ఎక్కడిదో ఒకటి దొరికింది గానీ, దాన్ని ఖాళీ చేద్దామని ఒక కుర్రాడు మామూలు ల్యాప్‌టాప్‌లో పెట్టి విండోస్‌తో ఫార్మాట్ చేశాడు. అలా చేసిన కార్డును సీపీయూ ఇక గుర్తించదు. స్పేర్ చేతిలోనే ఉన్నా లైను తెల్లవార్లూ ఆగిపోయింది. ఆ కుర్రాడిని తిట్టారు, ఇండెంట్ రాసినవారిని ఎవరూ అడగలేదు.

కొని దాచుకోవడమే పరిష్కారమనుకుంటే దానికీ ఒక లెక్క ఉంది. మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవులలోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఏడాదికి మించి కరెంటు లేకుండా పడి ఉంటే, వాడేముందు తయారీదారు చెప్పిన పద్ధతిలో మెల్లగా వోల్టేజీ ఎక్కించి రీఫార్మ్ చేయాలి. అలా చేయకుండా నాలుగేళ్ల స్పేర్‌ను నేరుగా 415 వోల్టులకు తగిలిస్తే అది పేలిపోవచ్చు. 2021, 2022లలో చిప్‌ల కొరత వల్ల డ్రైవులకు నెలల తరబడి వేచి చూసిన ప్లాంట్లు భయంతో రెండింతలు కొని పెట్టుకున్నాయి. ఆ పెట్టెల మీద చివరిసారి కరెంటు ఇచ్చిన తేదీ రాసినవి ఎన్ని ఉంటాయన్నది నా అనుమానం.

కొత్తది దొరకనప్పుడు పాత సరుకు మార్కెట్టుకు వెళ్లక తప్పదు. దాన్ని తప్పుపట్టడం నాకిష్టం లేదు. గుజరాత్‌లోని అలంగ్‌లో విరిచిన ఓడల నుంచి తీసిన కంట్రోల్ కార్డులు భావ్‌నగర్ వ్యాపారుల ద్వారా ప్రపంచమంతటికీ వెళ్తున్నాయి, వాటితో బతుకుతున్న ప్లాంట్లున్నాయి. బిల్లులో 'వాడినది' అని రాసి, పరీక్షించి, కొన్ని నెలలకైనా వారంటీ ఇచ్చే వ్యాపారి దగ్గర కొనడం ఒక పద్ధతి. కొత్తదని చెప్పి, కడిగి లేబుల్ మార్చిన దాన్ని అంటగట్టేవాడి దగ్గర చిక్కుకోవడం వేరే సంగతి.

ఇక్కడ డబ్బు చెల్లించే తీరుకూ పాత్ర ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టంలోని 15వ సెక్షన్ చెబుతుంది. గడువులోగా చెల్లించని మొత్తాన్ని, చెల్లించేదాకా ఖర్చుగా చూపనివ్వని 43బి(హెచ్) నిబంధన 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో చేరి దానికి కొంత పదును పెట్టింది. అయితే 2021 జూలైలో టోకు, చిల్లర వర్తకులను ఎంఎస్ఎంఈలుగా గుర్తించినప్పుడు, వారికి దక్కే ప్రయోజనాన్ని ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం చేశారు. విడిభాగాలు అమ్మే డీలరు చాలావరకు వర్తకుడే కనుక ఆ 45 రోజుల రక్షణ అతడికి అందదు. తొంభై రోజులు ఆగి, ఆపై ఇంకో నెల తిరిగితే గానీ బిల్లు రాని కర్మాగారానికి, తన దగ్గరున్న నాలుగు అసలు సీపీయూలలో ఒకదాన్ని అతడు ఎందుకు పక్కన పెడతాడు? అది రొక్కం ఇచ్చేవాడికే పోతుంది.

నేను చెప్పిన ప్లాంటులో ఆ రాత్రి తర్వాత ఇండెంట్ ఫారానికి ఒక చిన్న మార్పు చేశారు. పాత భాగం నేమ్‌ప్లేట్ ఫొటో జతచేయని ఇండెంట్‌ను పర్చేజ్‌వారు తీసుకోరు. కొత్త సీపీయూ, సరైన కార్డు, దానిలో ఎక్కించిన ప్రోగ్రాం తేదీ రాసిన చీటీ ఒకే కవరులో ప్యానెల్ తలుపు జేబులో ఉంటున్నాయి. బీరువా తాళం కోసం షిఫ్ట్ ఇన్‌చార్జిని నిద్రలేపే పని తప్పింది.