ముందే కొంటే దిష్టి

బిడ్డ పుట్టకముందు బిడ్డ పేరిట గుడ్డపేలిక కూడా కొనొద్దన్నది వరంగల్ ఇళ్లలో రాయని చట్టం. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లకు దాని లోతు తెలియదు. తొమ్మిదో నెలలో ముందుగదికి కొత్త సోఫా రావచ్చు, గోడలకు ఘాటు రంగు పడొచ్చు, చూసిపోను వచ్చేటోళ్ల కోసం డజను స్టీలు గ్లాసులు దిగొచ్చు. వాటికి దిష్టి తగలదు. జానెడు టోపీకే తగులుతుంది.

సర్కారు కూడా ఈ ఆచారాన్ని మన్నించింది. సర్కారు దవాఖానల్లో కాన్పయ్యే తల్లుల కోసం 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో సబ్బు, నూనె, దోమతెర సహా 16 వస్తువులు. ఇచ్చింది మాత్రం కాన్పు అయ్యాకే. కాబట్టి కాన్పుగది తలుపు తీసి నర్సమ్మ "బట్టలియ్యండి" అన్నప్పుడు ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఆచారసమ్మతమే. అర్ధరాత్రి హన్మకొండ చౌరస్తాలో మూసిన షట్టర్లు లెక్కపెట్టడం కొత్త తండ్రికి తొలి పరీక్ష. అప్పుడు కావాల్సినవి తుడవడానికొకటి, చుట్టడానికొకటి, రెండంటే రెండు పొడిబట్టలు. తడిబట్టలోనే ఉంచితే నిమిషాల్లో పసి ఒళ్లు చల్లబడుతుంది.

చట్టంలో ఒక సందుంది: పాతచీర. కొన్నది కాదు గనుక దిష్టి లేదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ ఆరుగజాల నూలుచీరను గజం చొప్పున కోస్తే ఆరు, నిలువునా చింపితే పన్నెండు. ఐదో రోజు దాటాక బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు తడుపుతుంది, దొడ్డికి అదనం. మూడు చీరలు కోస్తే ముసురు పట్టిన రెండు రోజులూ గట్టెక్కొచ్చు. జరీ అంచు తీసేయాలి, చింపిన అంచు మడిచి కుట్టాలి. ఇక్కడే పెద్దల ఓపిక అయిపోతుంది: "పేలికకు కుట్టేంది?" ఊడిన దారప్పోగు పసి కాలివేలికి చుట్టుకుంటే, వేలు వాచి ఎర్రబడేదాకా ఏడుపెందుకో ఎవరికీ అంతుపట్టదు. ఆలోపు పాలు చాలట్లేదని బాలింతను ఆడిపోసుకోవచ్చు.

ఆ చీరలు బీరువా అడుగున డాంబర్ గోలీల నడుమ ఏళ్లుగా పడున్నవైతే మరీ ఘనం. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్న బిడ్డకు ఆ గోలీల్లోని నాఫ్తలీన్ సోకితే ఎర్రరక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. కోయాల్సింది రోజూ కట్టే చీర. అది మాత్రం అత్తమ్మ ఇవ్వదు.

బర్రె ఈనితే జున్నుపాల కోసం వాడంతా గిన్నెలు పట్టుకొస్తుంది. అదే ఇంట్లో కోడలికి వచ్చిన ముర్రుపాలు పచ్చగా, చిక్కగా ఉన్నాయని పిండి పారబోస్తారు. దూడకున్న మర్యాద బిడ్డకు లేదు. గంటలోపు పట్టాల్సిన పాలకు బదులు వేలితో తేనె నాకిస్తారు. నాకించినవాళ్ల గుణం వస్తుందట. గుణం సంగతేమో గానీ, తేనెలో ఉండగల బొటులిజం బీజాలు ఏడాదిలోపు పిల్లల కండరాలను చచ్చుబడేయగలవు.

స్నానం కాగానే కిటికీలన్నీ మూసి కుంపట్లో సాంబ్రాణి వేయడం మరో శాస్త్రం. బొగ్గులోంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, సాంబ్రాణికి ఉంటుంది. ఇల్లు వాసననే నమ్ముతుంది.

గడప దగ్గర కాళ్లు కడుక్కోమంటే మర్యాద. బిడ్డనెత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోమంటే మూడు తరాల పగ.

ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెలలో వేసే పండుగ. టెంటు, మటన్, ఫొటోలు అన్నీ ముందే మాట్లాడుకుంటారు. జననం నమోదుకు మామూలు గడువూ 21 రోజులే అన్నది మాత్రం ఎవరి డైరీలోనూ ఉండదు. దవాఖానలో పుడితే వివరాలు అక్కడి నుంచే పోతాయి. అమ్మానాన్నల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే పడ్డాయా అని చూసుకోవడమే మన పని. బిడ్డ పేరు తేలకపోయినా నమోదు ఆగదు, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చొచ్చు. మేనత్త ఒక పేరు, పంతులు ఒక పేరు పట్టుకుని కూర్చున్న ఇళ్లకు ఇది పెద్ద ఊరట.

కొనొద్దన్న ఆ రాయని చట్టం ఎత్తేసేదీ తొట్టెల రోజే. వచ్చిన ప్రతివాళ్లూ పసిగుడ్డు సైజు గౌనే తెస్తారు. ముప్పై గౌన్లు పోగవుతాయి, రెండు నెలలు తిరిగేసరికి ఒక్కటీ పట్టదు. ఇంట్లో ఇంకో కడుపు పండినప్పుడు పనికొస్తాయని వాటిని మడిచి బీరువా అడుగున పెడతారు, డాంబర్ గోలీలేసి.