గొలుసు విప్పమంటే అంత కోపమా?

మా కాలనీ మీటింగ్‌లో మళ్లీ అదే మాట: "మా కుక్క, మా గేటు, మా ఇష్టం." పగలంతా బయట కట్టేసి ఉంచొద్దండీ అన్నందుకు సగం మంది నా మీద విరుచుకుపడ్డారు.

మే నెల ఎండలో ఆ సిమెంటు నేల మీద మనం చెప్పుల్లేకుండా నిలబడగలమా? కుక్కకి మనలా ఒంటినిండా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూనే చల్లబడాలి. నీళ్ల గిన్నె ఒలికిపోయిందా, ఇంట్లోవాళ్లు ఆఫీసు నుంచి వచ్చేదాకా గొంతెండాల్సిందే. గొలుసు ఒరిపిడికి మెడ మీద పుండు పడినా చూసే దిక్కుండదు.

దొంగల భయం అంటారు. పాలబ్బాయిని చూసినా, పిల్లిని చూసినా రోజంతా మొరిగే కుక్క అరుపుకి ఇప్పుడు ఎవరూ కిటికీ కూడా తెరవడం లేదు. ఇంక కాపలా ఎక్కడ?

నేనేం కొత్త రూలు పెట్టమనలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లోనే ఉంది: మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో మరీ ఎక్కువసేపు కట్టేసి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసే కుక్కని బయట తిప్పకపోవడమూ నేరమే. కానీ ఎన్ని గంటలో చెప్పలేదు. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! ఎవరు భయపడతారు? కాలిఫోర్నియాలో మామూలుగా రోజుకు 3 గంటలు మించి కట్టేయకూడదని స్పష్టంగా రాసుకున్నారు. మన కాలనీ నిబంధనల్లో అలాంటి ఒక్క వాక్యం రాసుకోలేమా?

రెండుపూటలా తిప్పే తీరిక లేనివాళ్లు అసలు కుక్కని ఎందుకు తెచ్చుకున్నారు? వచ్చే మీటింగ్‌లోనూ ఇదే అడుగుతాను.